పక్కసీటు బ్రేకు

లాక్‌డౌన్ వల్ల మేలు ఎక్కువ జరిగిందా, కీడు ఎక్కువ జరిగిందా? ఏదో ఒకటి చెప్పండి. "రెండూనండీ, చూసే దృష్టిని బట్టి ఉంటుంది" అన్న జవాబు ఇక్కడ చెల్లదు. ఆ జవాబు చెప్పి దులుపుకుని పోయేవాళ్లు ఎక్కువ కావడం వల్లనే ఆ ప్రశ్న ఇంకా తేలకుండా మన మధ్య నిలబడి ఉంది.

బ్రేకమ్మ మాత్రం ఎన్నడూ అలా దులుపుకుని పోలేదు. "కీడే" అని మొదటి వారంలోనే తేల్చి చెప్పింది. "మేలే" అని ఆమె వియ్యపురాలు అంతకంటే గట్టిగా చెప్పింది. ఆ రెండు ముక్కలను చెరొకటీ పట్టుకుని ఆ ఇద్దరూ, మర్యాదకు ఏ లోటూ రానివ్వకుండా, ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటూనే, ఏళ్ల తరబడి కాలు దువ్వుకున్నారు. ఆ వాదం చివరకు తేలింది ఏ సభలోనూ కాదు, ఒక తెల్ల కారులో.

బ్రేకమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్లు పెట్టిన పేరు, అదీ ఇటీవలే. నాలుగంతస్తుల భవనంలో వీధి వైపు ఉన్న కింది గది ఆమె డ్రైవింగ్ స్కూలు. గోడకు రోడ్డు గుర్తుల పటం, రెండు కుర్చీలు, ఒకటి ఊగుతుంది. నేలమాళిగలో ఒక తెల్ల కారు. ఆస్తి మొత్తం అంతే. భర్త పోయిన తరువాత ఆ కారుతోనే కూతురిని పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. పెళ్లయిన కూతురు అల్లుడితో కలిసి అదే భవనంలో రెండో అంతస్తులో ఉంటోంది కాబట్టి అప్పగింతల నాడు కార్చిన కన్నీళ్లన్నీ వృథా అయ్యాయని బ్రేకమ్మ తరచూ వాపోయేది.

డ్రైవింగ్ స్కూలు కారులో, నేర్చుకునేవారి కాళ్ల దగ్గర ఉన్నట్టే, పక్కసీట్లో కూర్చుని నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని తొక్కిన మరుక్షణం డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్రదీపం వెలుగుతుంది. బండిని ఆపింది నడిపేవారు కాదు, పక్కవారు అని ఆ దీపం చాటి చెబుతుంది. ఒకప్పుడు ఆ దీపం పని చేస్తోందో లేదో కూడా ఆమెకు తెలిసేది కాదు. ఆమె కాలితో నేర్పేది కాదు, నోటితో నేర్పేది. "ఆ లారీ ఆయన ఇంట్లో గొడవపడి వచ్చినట్టున్నాడు, కాస్త దూరంగా ఉండు నాయనా." "ఆ పాప బంతి వదిలింది, వెనకాలే పరిగెత్తుకొస్తుంది చూడు." ఇలా వీధి పొడుగునా వ్యాఖ్యానం సాగేది. నేర్చుకున్నవాడికి లైసెన్సు వచ్చేసరికి కారు నడపడంతో పాటు లోకం పోకడ కూడా సగం తెలిసిపోయేది.

అలాంటి రోజుల్లో వియ్యపురాలు వచ్చింది. ఆమె మరో పట్టణంలో పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి అప్పుడే పదవీ విరమణ పొందింది. ఆమె వార్డులోకి అడుగుపెడితే పెద్ద డాక్టర్లు సైతం చొక్కా బొత్తాలు సరిచూసుకునేవారని ప్రతీతి. కొడుకునూ కోడలినీ రెండు రోజులు చూసిపోదామని చిన్న సంచీతో వచ్చింది. పైన వాళ్ల ఇంటికి రంగులు వేస్తున్నారు, ఆ వాసన ఆమెకు పడదు. "మా ఇంట్లో ఉండండి వదినగారూ, రెండు రోజులేగా" అని బ్రేకమ్మ మర్యాదకు అన్నది. ఆమె మర్యాదకు సరేనన్నది. ఆ మర్నాడే లాక్‌డౌన్ ప్రకటించారు. రంగులు వేసేవాళ్లు సగం గోడ నీలం, సగం గోడ తెలుపు వదిలేసి డబ్బాలతో సహా మాయమయ్యారు. వియ్యపురాళ్లిద్దరూ, స్కూలు వెనకే ఉన్న బ్రేకమ్మ రెండు గదుల ఇంట్లో, ఎదురెదురుగా మిగిలారు.

"రెండు రోజులకని రెండు జతల బట్టలే తెచ్చుకున్నాను" అన్నది హెడ్ నర్సు.

"నావి ఉన్నాయిగా. కాస్త పొడవు తక్కువవుతాయి, అంతే."

"పొడవుదేముంది వదినగారూ. వెడల్పు చూసే జంకుతున్నాను."

పోరు అక్కడ మొదలైంది. వారం తిరిగేసరికి అది బట్టల నుంచి లోకం మీదకు పాకింది.

"ఊరు మొత్తాన్ని ఒక్క దెబ్బతో ఆపేశారు" అనేది బ్రేకమ్మ. "బండి ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోతే, లోపల కూర్చున్నవాళ్ల గతేంటండీ?"

"ఎదురుగా లారీ వస్తుంటే ఆపకుండా ముద్దుపెట్టుకోమంటారా?"

"లారీ పోయాక కూడా అలాగే ఆపి ఉంచారుగా."

"పోయిందో లేదో మీకెలా తెలుసు? ఈ కిటికీలోంచి చూస్తే కనబడదు. వార్డులోంచి చూస్తే కనబడుతుంది. నా చేతికింద పని నేర్చుకున్న పిల్లలు ఫోన్లో ఏడుస్తున్నారు, మంచాలు చాలట్లేదని. ఆ బ్రేకు వేయకపోతే ఇంకెన్ని మంచాలు కావాలో లెక్క కట్టండి."

"అద్దె కట్టలేక ఊగుతున్న కుర్చీ కూడా అమ్ముకునేవాళ్లు ఎంతమందో అదీ లెక్క కట్టండి."

"మీ కుర్చీ ఎవరూ కొనరులెండి."

ఇద్దరిలో ఎవరి మాటా తీసిపారేయదగినది కాదు. ఇద్దరూ చెబుతున్నది నిజమే. చిక్కల్లా ఏమిటంటే, ఎదుటివారి నిజాన్ని ఒప్పుకుంటే తమ నిజం ఓడిపోతుందని ఇద్దరూ అనుకున్నారు. చదువుకున్న మహామహులే పత్రికలకెక్కి చేసిన పొరపాటు అది. వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్లు చేశారంటే తప్పుపట్టేదేముంది?

వాదం ఆగిపోయిన రోజు ఒక్కటే ఉంది. పక్క పట్టణంలో ఉన్న బ్రేకమ్మ అక్క గుండె ఆగి చనిపోయిందని ఫోను వచ్చింది. మహమ్మారి కాదు, పాత జబ్బే. అయినా వెళ్లడానికి దారి లేదు. బ్రేకమ్మ ఫోను పెట్టేసి, నేలమాళిగలోకి దిగి, కదలని కారులో తన పక్కసీట్లో కూర్చుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, టైర్లు సగం వాలాయి. కాసేపటికి అవతలి తలుపు తెరుచుకుంది. హెడ్ నర్సు వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ ఆడలేదు. ఆమె ఆసుపత్రిలో ఆ మాటలన్నీ వాడి వాడి అరగదీసి ఉంటుంది.

చాలాసేపటి తరువాత అడిగింది. "వదినగారూ, వీటిలో క్లచ్ అంటే ఏది?"

"ఎడమది" అన్నది బ్రేకమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

అలా మొదలైంది డ్రైవింగ్ పాఠం. అంగుళం కదలని కారులో, రోజూ సాయంత్రం. హెడ్ నర్సు స్టీరింగు తిప్పేది, గేర్లు మార్చేది, కనబడని మలుపుల దగ్గర ఇండికేటరు వేసేది. "ఎక్కడికి పోతున్నాం?" అని బ్రేకమ్మ అడిగితే "సముద్రానికి" అని చెప్పి, గాలి కోసం అద్దం దించేది; నేలమాళిగలోని దుమ్ము లోపలికి వచ్చేది. కూతురు పై నుంచి టీ తెచ్చి కిటికీలోంచి అందిస్తూ "ఎంతవరకు వచ్చారు?" అని అడిగేది.

"ఇంకా సిగ్నల్ దగ్గరే చచ్చాం" అనేది అత్తగారు. "మీ అమ్మ పచ్చదీపం పడనివ్వడం లేదు."

హెడ్ నర్సు అన్నీ క్షుణ్ణంగా నేర్చుకుంది, ఒక్క బ్రేకు తప్ప. నిలబడి ఉన్న కారును ఆపడం ఎవరు మాత్రం ఎలా నేర్పగలరు?

తరువాత వీధులు తెరుచుకున్నాయి. పై ఇంట్లో మిగిలిన సగం గోడకు అదే నీలం దొరకక ఇంకో నీలం వేశారు. హెడ్ నర్సు ఆ గదిలో స్థిరపడిపోయింది, తన పట్టణానికి తిరిగి వెళ్లే ఊసే ఎత్తలేదు. డ్రైవింగ్ స్కూలు మళ్లీ నడక సాగించింది. అయితే నేర్చుకునేవాళ్లు ఒక వింత గమనించారు. పక్కసీట్లో వ్యాఖ్యానం వినబడడం లేదు. దానికి బదులు, నడిరోడ్డున, ఏ కారణమూ లేకుండా, కారు కీచుమని ఆగిపోతోంది. ఎర్రదీపం వెలుగుతోంది. "ఏమైందండీ?" అంటే ఆమె నీళ్లు నమిలేది. ఆ దెబ్బతో కొత్త పేరు పడింది. పేరు విని ఆమె నవ్వేసింది కూడా, అది హాస్యం మాత్రమే అనుకుని.

ఇలా ఉండగా హెడ్ నర్సుకు ఒక కబురు వచ్చింది. మంచం పట్టిన వృద్ధుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, మందులు చూసి రావడానికి ఒక చిన్న సేవాసంస్థకు నర్సు కావాలట. కారు వాళ్లదే, నడిపేది మాత్రం నర్సే. ఈ నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే మరొకరిది. ఆ సాయంత్రం ఆమె మెట్లు దిగివచ్చిన తీరు చూస్తే పదవీ విరమణ ఆమెది కాదు, ఎవరిదో అనిపించేది.

స్కూలు కారు కాబట్టి పరీక్షలో కూడా పక్కసీటు బ్రేకమ్మదే. మొదటి పరీక్ష మొదటి మలుపులోనే ముగిసింది. ఎర్రదీపం వెలిగింది.

రెండో పరీక్షలో హెడ్ నర్సు చక్కగా నడిపింది. వెనక సీట్లో పరీక్షాధికారి కునికిపాట్లు పడేంత చక్కగా నడిపింది. ఇక కారును రెండు కర్రల మధ్య నిలబెట్టడమే మిగిలిందనగా కారు ఉన్నట్టుండి కీచుమన్నది. పరీక్షాధికారి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. ఎర్రదీపం నిండుగా వెలుగుతోంది.

"ఏమైంది మేడమ్?" అన్నాడాయన నుదురు రాసుకుంటూ.

"కుక్క అడ్డం వచ్చింది" అన్నది బ్రేకమ్మ.

ముగ్గురూ చూశారు. పాత వార్తాపత్రిక కాగితం ఒకటి గాలికి దొర్లుకుంటూ పోతోంది.

"కాగితమండీ అది."

"కుక్కలా వచ్చింది."

"చూడండి, లైసెన్సు కావాల్సింది ఆవిడకా, మీకా? ముందు మీరిద్దరూ ఆ సంగతి తేల్చుకుని రండి" అని ఆయన దిగిపోయాడు.

తిరిగి వస్తున్నప్పుడు కారు నడిపింది బ్రేకమ్మ. హెడ్ నర్సు చాలా దూరం ఊరుకుంది. ఆమె ఊరుకోవడం ఎవరికైనా భయమే.

"కీడే ఎక్కువ, కీడే ఎక్కువ అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు" అన్నది చివరకు. "ప్రభుత్వం లాక్‌డౌన్ ఎప్పుడో ఎత్తేసింది వదినగారూ. మీ కాలే ఇంకా ఎత్తలేదు."

బ్రేకమ్మ గేరు మార్చింది.

"మూడోసారి వేరే స్కూలు కారులో వెళ్తాను. ఏమీ అనుకోవద్దు."

ఆ "ఏమీ అనుకోవద్దు" అన్నది వియ్యపురాళ్ల మధ్య తెగతెంపుల మాట. బ్రేకమ్మకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సొంత వియ్యపురాలు పక్క వీధి స్కూలులో నేర్చుకుంటే ఊళ్లో తలెత్తుకోలేకపోవడం ఒకటి. సాయంత్రాలు ఆ కారులో కూర్చుని వాదించే మనిషి లేకపోవడం మరొకటి. మొదటిదానికే బాధపడుతున్నానని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఏమీ తోచనప్పుడు కారు కడగడం ఆమె అలవాటు. ఆ మధ్యాహ్నం తడిగుడ్డతో లోపల కాళ్ల దగ్గర తుడుస్తూ ఒక్కసారి ఆగిపోయింది. నేర్చుకునేవాళ్ల వైపు బ్రేకుకు తొడిగిన రబ్బరు, ఇంతమంది తొక్కినా, గాట్లు చెదరకుండా ఉంది. తన వైపు బ్రేకు రబ్బరు నున్నగా అరిగిపోయి, మధ్యలో ఇనుము తళతళలాడుతోంది. లాక్‌డౌన్ దాకా ఏళ్ల తరబడి కొత్తదానిలా ఉన్న రబ్బరు అది.

టీ ఇవ్వడానికి దిగివచ్చిన కూతురు వంగి చూసింది.

"అమ్మా, నాకు నేర్పినప్పుడు నువ్వు వీధి మొత్తం మాట్లాడేదానివి. నాకు సగం విసుగొచ్చేది, కానీ ఎందుకు ఆగాలో తెలిసేది. ఇప్పుడు మాట్లాడటంలేదు. తొక్కేస్తున్నావు."

"మీ అత్తగారు వకాల్తా ఇచ్చి పంపారా?"

"టీ ఇచ్చి పంపారు. నీకు చక్కెర తక్కువ వేయమని మరీ చెప్పి."

అలిగిన మనిషి కూడా తన చక్కెర సంగతి మరిచిపోలేదన్న మాట. బ్రేకమ్మ టీ పట్టుకునే మెట్లెక్కింది.

రెండు నీలాల గదిలో హెడ్ నర్సు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బ్రేకమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"నాకు తెలియని లారీ ఒకటి ఎక్కడినుంచో వస్తున్నట్టే ఉంటుంది వదినగారూ" అన్నది. "అక్క పోయిన కబురు అలాగే వచ్చింది కదా, ఏ హారనూ లేకుండా. రోడ్డు ఖాళీగా ఉంటే మరీ భయం. నాకు తెలియకుండానే కాలు పడిపోతోంది."

హెడ్ నర్సు కుర్చీ కాస్త జరిపి చోటిచ్చింది.

"ఆ రోజుల్లో బ్రేకు వేయడం తప్పని నా చేత అనిపించలేరు మీరు" అన్నది. "ఆ మంచాలు నాకు తెలుసు. కానీ ఒక మాట మీకు ఎన్నడూ చెప్పలేదు, చెబితే మీరు ఎగిరి గంతేస్తారని. ఎందుకు వేశారో సరిగా చెప్పలేదు. ఎన్నాళ్లుంటుందో అసలే చెప్పలేదు. గదిలో కూర్చోబెట్టిన పసిపిల్లలా ఉండేది నాకు, జీవితమంతా నలుగురికీ ఆజ్ఞలిచ్చినదాన్ని. మీరు తొక్కినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. నేనేం తప్పు చేశానో తెలియదు, బండి మాత్రం ఆగిపోతుంది. ఆ ఉక్రోషంతో తరువాత ఇంకా గట్టిగా తొక్కుతాను, యాక్సిలరేటరు."

"అంటే మీరు కూడా కీడే అంటారు."

"ఎగిరి గంతేస్తారని చెప్పానా? మేలే అంటాను. మేలు చేసేవాళ్లకు నోరు ఉండాలంటాను."

బ్రేకమ్మ టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "ఒక్కసారి నా కారులోనే రండి. ఈసారి కాలు పడదు."

"కాగితం వస్తే?"

"కుక్కలా వస్తే చెప్పలేను."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. కింది అంతస్తు దాకా వినబడిన ఆ నవ్వుకు వంటింట్లో ఉన్న కూతురు నిట్టూర్చి, రెండో విడత టీకి నీళ్లు పెట్టింది.

మూడో పరీక్ష నాడు బ్రేకమ్మ చెప్పులు విప్పి వెనక డిక్కీలో పడేసింది. పక్కసీటు ఎంతవరకు వెనక్కు జరుగుతుందో అంతవరకు జరిపి, దానిమీద బాసింపట్టు వేసుకుని, కాళ్లు రెండూ ఒంటి కింద దాచుకుని, విగ్రహంలా కూర్చుంది. పరీక్షాధికారి తలుపు తెరిచి ఆమెను చూసి, తలుపు మూసి, మళ్లీ తెరిచాడు.

"ఇదేం కూర్చోవడం మేడమ్?"

"కాళ్లు కిందే పెట్టాలని నిబంధన ఏమైనా ఉందాండీ?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. తన ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "సీటుబెల్టు పెట్టుకోవాలని మాత్రం ఉంది" అన్నాడు.

"పెట్టుకున్నాను."

కారు కదిలింది. పరీక్షలో నేర్పేవారు నోరు విప్పకూడదు కాబట్టి బ్రేకమ్మకు ఇప్పుడు కాలూ లేదు, నోరూ లేదు. సీటుబెల్టును రెండు చేతులా పట్టుకుంది. మొదటి మలుపు తిరిగింది. సిగ్నల్ దాటింది. చివరి వీధిలో, ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి ఒక సైకిలు సగం బయటకు వచ్చింది. బ్రేకమ్మ కుడికాలు తన్నుకుని లేవబోయింది. మోకాలి కింద ఇరుక్కుని లేవలేకపోయింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కారు మెత్తగా నెమ్మదించి ఆగింది.

కళ్లు తెరిచి చూస్తే ఎర్రదీపం వెలగలేదు. ఆపింది వియ్యపురాలే. సైకిలు ఆయన చేయెత్తి దండం పెట్టి వెళ్లిపోయాడు. హెడ్ నర్సు ముందుకే చూస్తూ గేరు మార్చింది. ఆమె పెదవుల చివర నవ్వు మాత్రం బ్రేకమ్మకు కనబడింది. నిలబడి ఉన్న కారులో నేర్పలేని పాఠం ఎప్పుడు వచ్చిందో, ఎవరు నేర్పారో ఇద్దరికీ తెలియలేదు.

కారు రెండు కర్రల మధ్య సరిగ్గా నిలబడింది. పరీక్షాధికారి సంతకం చేసి ఇచ్చి, దిగుతూ దిగుతూ అన్నాడు. "ఇక కాళ్లు దించుకోండి మేడమ్."

దించుకోబోతే దిగలేదు. రెండు కాళ్లూ తిమ్మిరెక్కి పోయాయి. ఆమెను కారులోంచి బయటకు లాగడానికి కొత్త లైసెన్సుదారుకు మొదటి అవకాశం దొరికింది. "ఉద్యోగం ఈ రోగితోనే మొదలన్నమాట" అంటూ హెడ్ నర్సు ఆమె అరికాళ్లు రుద్దింది.

ఉద్యోగంలో చేరేముందు మిగిలిన ఆదివారం నాడు హెడ్ నర్సే ఒక ప్రయాణం తలపెట్టింది. బ్రేకమ్మ ఇంతవరకు వెళ్లలేకపోయిన పక్క పట్టణానికి, అక్క పిల్లల దగ్గరకు. నేలమాళిగలో కారు ఎక్కుతూ హెడ్ నర్సు కాళ్ల దగ్గరకు తొంగి చూసి ఆగింది. పక్కసీటు బ్రేకుకు కొత్త రబ్బరు తొడిగి ఉంది.

"మళ్లీనా? దాన్ని పీకించేయండి వదినగారూ. మీకూ సుఖం, నాకూ సుఖం."

"బ్రేకు లేకపోతే లారీని ముద్దుపెట్టుకోవాలన్నది ఎవరో?"

"కీడే ఎక్కువ అన్నది ఎవరో?"

ఒక్క క్షణం ఇద్దరికీ తాము ఏ పక్షంలో ఉన్నారో అర్థం కాలేదు. ఎన్నేళ్లుగానో అవతలివారి జెండాను తామే మోస్తున్నట్టు తోచింది. బ్రేకమ్మ పక్కసీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, కాళ్లు రెండూ కిందనే పెట్టింది.

"పీకించను. నేర్పే బండికి అది ఉండి తీరాలి" అన్నది. "కాలు పడితే, ఎందుకు పడిందో ఆ క్షణమే నోటితో చెబుతాను. ఎక్కడ తీస్తానో కూడా అప్పుడే చెబుతాను. చెప్పలేకపోతే తప్పు నాదే, వెంటనే తీసేస్తాను. మీకే కాదు, ఇకమీదట ఈ కారులో నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఇదే నియమం."